రబ్బరు లేని ఇల్లు

మా మావయ్య ఇంట్లో రబ్బరు ఉండదు. పెన్సిలు రాతని చెరిపే రబ్బరు సంగతి చెబుతున్నాను. పెన్సిళ్ళు మాత్రం ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ దొరుకుతాయి. చెవి మీద ఒకటి, చొక్కా జేబులో రెండు, టీ పొడి డబ్బాలో ఒకటి. ఆ పెన్సిళ్ళ వెనక అంటించి ఉండే గులాబీరంగు ముక్కని కూడా కొన్న రోజే పటకారుతో పీకి పారేస్తాడు. "ఎందుకు మావయ్యా?" అని అడిగితే, "అది ఉంటే చెయ్యి దాని మీదికే పోతుందే అమ్మాయ్" అంటాడు.

ఆయన లెక్కలో తప్పు అనేదే లేదు. జరిగిపోయిందంటే అది జరగాల్సిందే, దాన్ని రాసుకోవాల్సిందే. సరుకుల చీటీలో సబ్బు రెండుసార్లు రాశానని నేను నాలిక కరుచుకుంటే, రెండు సబ్బులు తెచ్చాడు. షాపు బోర్డు మీద బొమ్మ వేసిన పెయింటరు వయొలిన్‌కి నాలుగు తీగలకి బదులు అయిదు గీశాడు. దిద్దించమని వీధంతా పోరింది. మావయ్య రెండు నెలలు కూర్చుని అయిదు తీగల వయొలిన్ ఒకటి తయారు చేసి కిటికీలో వేలాడదీశాడు.

"ఇప్పుడు బోర్డు సరిగ్గానే ఉంది కదా?" అన్నాడు.

మావయ్యది వాద్యాలు బాగుచేసే షాపు. ముందు గదిలో మెడ విరిగిన వయొలిన్లు, పొట్ట పగిలిన గిటార్లు. వెనక గదిలో జిగురు వాసన, చెక్క పొట్టు, నాలుగు కుర్చీలు. మేడ మీద రెండు గదుల్లో మేముంటాం. మావయ్య పెళ్ళి చేసుకోలేదు. నాన్న జబ్బుపడి తొమ్మిదో తరగతిలో నా చదువు ఆగిపోయాక అమ్మ నన్ను ఈయన దగ్గర పనికి పెట్టింది. అప్పుడు నాకు తెలిసిన విద్య ఒక్కటే, గుండ్రంగా రాయడం. మావయ్య నా రాత చూసి, సంగీతం రాసే అయిదు గీతల కాగితాల కట్ట ముందు పెట్టాడు.

"పెద్ద ప్రతిలో నలుగురి సంగీతం కింద కింద ఉంటుంది. నువ్వు ఎవరిది వాళ్ళకి విడదీసి రాయాలి. అంతే."

అంతే అన్న పని మొదటి రోజే చెడగొట్టాను. ఒక చుక్క పై గీత మీద పెట్టాల్సింది కింద గీత మీద పెట్టాను. ఇల్లంతా రబ్బరు కోసం వెతికాను. దొరక్క ఏడుపు ముఖంతో వెళ్ళి చూపించాను. మావయ్య ఆ కాగితం దీపానికి ఎత్తి పట్టుకుని చూశాడు. కాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి చెల్లో తీసి ఆ చుక్కని వాయించాడు. మళ్ళీ వాయించాడు.

"నాకిది తట్టలేదు సుమా" అని, నేను పెట్టిన చోటునే పెద్ద ప్రతిలోకి ఎక్కించుకున్నాడు.

బడిలో నేను చేసిన తప్పులకి ఎర్ర సున్నాలు పడ్డాయి గానీ, వాటిని ఎవరూ చెల్లో మీద వాయించలేదు.

ప్రతి గురువారం సాయంత్రం ఆ నాలుగు కుర్చీల్లో నలుగురు కూర్చుంటారు. మొదటి వయొలిన్ పళ్ళ డాక్టరు గారు. ఆయనకి అన్నీ కచ్చితంగా ఉండాలి, కాగితాలు కూడా పళ్ళ వరసలా సర్దుకుంటాడు. రెండో వయొలిన్ గడియారాల తాతగారు. నలభై ఏళ్ళు చేతిగడియారాలు బాగుచేసి, ఇప్పుడు కొట్టు మూసేశారు. వయొలిన్ కన్నా కాస్త పెద్దగా, కాస్త బొంగురుగా ఉండే వయోలా దర్జీ అక్కది. సంగీతం వాయించేటప్పుడు కూడా ఆవిడ పెదాల మధ్య రెండు గుండుసూదులుంటాయి. అవి ఉన్నాయి కాబట్టే తను మర్యాదగా ఉంటున్నానని చెబుతుంది. నాలుగోది చెల్లో, మా మావయ్య.

వీళ్ళు వాయించేదంతా మావయ్య రాసిందే. కొన్ని పేజీలు పాత శాస్త్రీయ పద్ధతిలో చుక్క చుక్కా లెక్కగా ఉంటాయి. ఉన్నట్టుండి ఒక ఖాళీ గడి వస్తుంది. అందులో "ఇక్కడ నలభై సెకన్లు ఎవరిష్టం వాళ్ళది, కానీ పక్కవాళ్ళు ఏం చెబుతున్నారో వినాలి" అని రాసి ఉంటుంది. జాజ్ సంగీతం వాయించేవాళ్ళు అలాగే అప్పటికప్పుడు పుట్టిస్తారట. మొదటిసారి విన్నప్పుడు మెట్ల మీద నుంచి స్టీలు గిన్నెలు దొర్లినట్టనిపించింది. నాలుగో వారానికి ఆ గిన్నెలు వంతులవారీగా దొర్లుతున్నాయని తెలిసింది. ఆరో వారానికి, ఏ గిన్నె ఏ గిన్నెకి దారి ఇస్తోందో కూడా చెప్పగలిగాను. ఎవరికీ చెప్పలేదనుకోండి, ఎవరూ అడగలేదు.

మధ్యలో ఏ చిన్న చప్పుడయినా సరే, మావయ్య తీగల మీద లాగే కమాను గాల్లోకి లేపుతాడు.

"ఆగండి! ఎవరూ కదలొద్దు! అది రాసుకోవాలి."

అలా ఎక్కినవి చాలా ఉన్నాయి. దర్జీ అక్క తుమ్ము ఆరో పేజీలో ఉంది. డాక్టరు గారి తీగ తెగిన చప్పుడు తొమ్మిదో పేజీలో ఉంది, దానికోసం మూడు వారాలు వరసగా తీగలు తెంపించాడు. మావయ్య కుర్చీ వెనక్కి వాలితే కిర్రుమంటుంది. అది పదకొండో పేజీ మూడో వరసలో ఉంది.

"తుమ్ము రాశారు బాగానే ఉంది, అది రాకపోతే నేనేం చెయ్యను?" అని దర్జీ అక్క అడిగింది.

"నశ్యం తెచ్చుకోమ్మా."

"ఈయన ఇలా అయిపోయాడు గానీ, ఒకప్పుడు నా చేత ఒకే వరస నలభైసార్లు వాయింపించాడే అమ్మాయ్. నలభై! వేళ్ళు వాచి వారం రోజులు జాకెట్లు కుట్టలేకపోయాను." అక్క నా వైపు తిరిగి చెప్పింది. మావయ్య వినపడనట్టు పెన్సిలు చెక్కుకున్నాడు. వయసు మీదపడి మెత్తబడ్డాడు కాబోలనుకున్నాను.

ఇదిలా ఉండగా ఊళ్ళో కచేరీలు జరిగే పెద్ద హాలు నుంచి ఉత్తరం వచ్చింది. ఈ నలుగురూ పదకొండేళ్ళుగా ఆ హాలుకి రాస్తూనే ఉన్నారు. ఈసారి హాలు నడిపే మేడమ్ స్వయంగా షాపుకొచ్చి వింటానంది. నచ్చితే వచ్చే నెల అక్కడ కచేరీ.

ఆ ఉత్తరం చదివాక డాక్టరు గారు గ్లవుజులు తొడుక్కుంటున్న ముఖం పెట్టారు.

"ఇది ఆఖరి ప్రయత్నం. అవ్వకపోతే నేను మానేస్తాను. నాకు గురువారం సాయంత్రాలు పేషెంట్లున్నారు. మా ఆవిడ కూడా అడుగుతోంది, ఆ గది నుంచి ఏం బావుకున్నారని."

ఆయన మానేస్తే మొత్తం ఆగిపోయినట్టే. అందరికీ అది తెలుసు.

ఆ రోజు నాలుగో పేజీలో తాతగారు ఒంటరిగా పట్టుకోవాల్సిన పొడుగు స్వరం ఒకటుంది. తిన్నటి గీతలా, కదలకుండా ఉండాలి. సగంలో ఆయన కమాను తీగ మీద చిన్నగా దడదడలాడింది. తాతగారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఆగండి! ఎవరూ కదలొద్దు!" మావయ్య పెన్సిలు తీశాడు. "బాబాయి గారూ, అదేదో ఇంకోసారి! ఎంత బాగుందీ! ఇక్కడ అందరం వణికిద్దాం. డాక్టరు గారూ, మీరు రెండో లెక్కకి మొదలెట్టండి."

"నేనెందుకు వణకాలండీ?" డాక్టరు గారికి ఒళ్ళు మండింది. "నా చెయ్యి వణికితే జనం నోళ్ళు తెరుస్తారా?"

"గురువారం ఒక్కరోజు వణకండి."

తాతగారు వెళ్ళాక డాక్టరు గారు తలుపు దగ్గరగా వేశారు. నేను మూల బల్ల దగ్గర రాసుకుంటున్నాను. నేనున్న సంగతి సాధారణంగా ఎవరికీ గుర్తుండదు.

"చూడండి, నేను చెడ్డవాణ్ణి కాను. కానీ హాలు వాళ్ళ ముందు తాతగారితో కష్టం. సంగీత కళాశాలలో పాఠాలు చెప్పే ఒకావిడ ఉంది. చూడగానే వాయించేస్తుంది. ఒక్క తప్పు చెయ్యదు."

"తప్పు చెయ్యని మనిషితో నాకేం పని డాక్టరు గారూ? నేను రాసుకోవడానికి ఏం మిగుల్తుంది?"

"హాస్యం కాదు."

"నేనూ హాస్యమాడట్లేదు. కుర్చీలు నాలుగు. నలుగురం ఇదివరకే కూర్చున్నాం."

"మరి హాలు?"

"హాలుకీ వెళ్తాం. నలుగురమే వెళ్తాం" అని మావయ్య చెక్క పొట్టు ఊడవడం మొదలుపెట్టాడు. ఆయన చీపురు పట్టుకున్నాడంటే ఇక ఆ విషయం మీద మాటల్లేవని అర్థం. డాక్టరు గారి బూట్ల చుట్టూ కూడా ఊడ్చేశాడు.

హాలు మేడమ్ చేతిలో పెట్టడానికి పెద్ద ప్రతి కొత్తగా రాయమని మావయ్య నాకు చెప్పాడు. ఆదివారం పొద్దున్న, మావయ్య పాడైన పియానో చూడ్డానికి వెళ్ళినప్పుడు, పాత ప్రతులన్నీ అటక మీద నుంచి దింపాను. ప్రతి పేజీ మూలా తేదీ ఉంటుంది. నేను రాసే ముందు వరసగా పేర్చుకున్నాను. నా పద్ధతి అది, ముందు అన్నీ చూస్తాను.

మూడేళ్ళ కిందటి కాగితాలు చేతికి తగలగానే తేడా తెలిసింది. అవి పల్చగా ఉన్నాయి. దీపానికి పట్టుకుంటే వెలుతురు ఇవతలికి వస్తోంది. చెరిపి, చెరిపి, మళ్ళీ చెరిపి కాగితం అరిగిపోయింది. ఒకచోట చిల్లు కూడా పడింది. రబ్బరు లేని ఇల్లని నేననుకుంటున్న ఇంట్లో ఎవరో రాక్షసుడిలా రబ్బరు వాడారు.

చెరపడం ఒక మార్చి నెలలో ఆగిపోయింది. ఆ తర్వాత ఒక్క గీత కూడా చెరపలేదు. ఆ వారం పెద్ద ప్రతిలో, రెండో వయొలిన్ వరసలో, మొట్టమొదటి వణుకు గుర్తు ఉంది. వచ్చే వారం అదే చోట నలుగురి వరసల్లోనూ ఉంది.

నేను మిగతా పేజీలన్నీ తిరగేశాను. వణుకు గుర్తులు ఎక్కడ మొదలయినా రెండో వయొలిన్‌లోనే మొదలయ్యాయి. ప్రతి రెండు మూడు వణుకుల మధ్యా ఒక తుమ్మో, ఒక తెగిన తీగో, ఒక కిర్రో ఉంది. గుంపులో ఒకరి ముఖం కనపడకుండా ఉండాలంటే చుట్టూ జనాన్ని నిలబెట్టినట్టు ఉంది. షాపు బోర్డు మీద పెయింటరు వేసిన తేదీ కూడా వెళ్ళి చూశాను. ఆ ఏడాదే, ఏప్రిల్.

పనిముట్ల బల్ల అట్టడుగు సొరుగులో, పాత తీగల చుట్టల వెనక, రబ్బరు దొరికింది. శనగగింజంత మిగిలింది. మళ్ళీ అక్కడే పెట్టేశాను.

హాలు మేడమ్ వచ్చే గురువారం రానే వచ్చింది. ఆవిడ పొడుగ్గా, కళ్ళజోడుకి గొలుసుతో, ఎవరూ ఇవ్వకముందే నా బల్ల దగ్గరి స్టూలు లాక్కుని కూర్చునే మనిషి. నేను రాసిన పెద్ద ప్రతి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ రాకముందే, అందరికన్నా ముందు తాతగారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. కమాను వెంట్రుకలకి రోజిన్ బంక రుద్దుతూ మావయ్యతో మెల్లిగా అన్నారు.

"నాయనా, ఇవాళ నేను పక్కన కూర్చుంటాను. ఆ రోజు తలుపవతల నాకు వినపడింది, ఆ కాలేజీ ఆవిణ్ణి పిలవండి. గురువారాలు ఇక్కడ కూర్చుని వినడానికొస్తే చాలు నాకు."

"కుర్చీలు లేవు బాబాయి గారూ, వినేవాళ్ళకి" అన్నాడు మావయ్య. "మీ కుర్చీలో కూర్చునే వినండి. వింటూ వాయించండి."

మొదలుపెట్టారు. ఆరో పేజీలో దర్జీ అక్క నశ్యం లేకుండానే తుమ్మింది, భయంతో అనుకుంటాను. తొమ్మిదో పేజీలో తీగ టప్పున తెగింది. మేడమ్ ముఖంలో ఏమీ తెలియలేదు. పదకొండో పేజీ మూడో వరసలో మావయ్య కుర్చీ వెనక్కి వాల్చాడు.

చప్పుడు రాలేదు.

మళ్ళీ వాలాడు. రాలేదు. లేచి, గట్టిగా కూలబడి, ఇంకోసారి వాలాడు. కుర్చీ వెన్నలా కదిలింది. మావయ్య డాక్టరు గారి వైపు చూశాడు. డాక్టరు గారు నేల వైపు చూశారు. పెద్దావిడ వస్తోంది, మర్యాదగా ఉంటుందని, పొద్దున్నే క్లినిక్ నుంచి పళ్ళ మిషన్ల నూనె తెచ్చి కుర్చీ కీళ్ళకి పోశారట. మూడు లెక్కలు నిశ్శబ్దంగా పోయాయి. నాలుగో లెక్కకి, పాతికేళ్ళ ప్రాక్టీసు ఉన్న ఆ డాక్టరు గారు, కళ్ళు గట్టిగా మూసుకుని, నోటితో "కిర్ర్ర్" అన్నారు.

మేడమ్ కళ్ళజోడు సర్దుకుంది.

ఇక మిగిలింది ఆఖరి స్వరం. నలుగురూ కలిసి పట్టుకోవాలి, పద్నాలుగు లెక్కలు, కదలకుండా, పల్చబడుతూ ఆగిపోవాలి. వణుకు అక్కడ ఎప్పుడూ రాయలేదు, ఎందుకంటే అక్కడ తాతగారి చెయ్యి ఎప్పుడూ వణకలేదు. అయిదో లెక్క దాకా బాగానే ఉంది. ఆరో లెక్కకి తాతగారి కమాను దడదడలాడడం నాకు కనపడింది. ఆయన బిగపట్టారు. బిగపట్టిన కొద్దీ ఎక్కువైంది. ఆయన కమాను తీగ మీద నుంచి ఎత్తెయ్యబోతున్నారు. మావయ్య రెండు చేతులూ చెల్లో మీదే ఉన్నాయి, పెన్సిలు చెవి మీద ఉంది. రాసుకునే సమయం లేదు.

అప్పుడు మొదటి వయొలిన్ వణికింది.

డాక్టరు గారే. ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. తాతగారి వైపు చూడకుండా, చెవి మాత్రం అటు వంచి, సరిగ్గా అంతే వేగంతో వణికించారు. వెంటనే దర్జీ అక్క అందుకుంది. ఆఖర్న మావయ్య లోతైన తీగ మీద అందుకున్నాడు. గదిలో వేలాడుతున్న వయొలిన్లు కూడా సన్నగా జుమ్మన్నాయి. తాతగారు కమాను ఎత్తలేదు. పద్నాలుగు లెక్కలూ అలాగే వెళ్ళి, నలుగురూ కలిసి ఆగారు.

మేడమ్ ఆఖరి పేజీ తిప్పింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకి తిప్పింది.

"ఈ చివర్లో వణుకు ఉందే, అది నా కాగితంలో లేదు. పొరపాటున వచ్చిందా?"

డాక్టరు గారు నోరు తెరిచారు. అక్క సూదులు బిగపట్టింది. తాతగారు నెమ్మదిగా లేవబోయారు. మావయ్య చెయ్యి చెవి మీది పెన్సిలు దాకా వెళ్ళి ఆగిపోయింది.

"నేనే రాయడం మర్చిపోయానండీ" అన్నాను.

ఆ గదిలో నేను గట్టిగా మాట్లాడడం అదే మొదలు. మేడమ్ నా వైపు తిరిగింది.

"నాలుగు వరసల్లోనూ మర్చిపోయావా?"

"నాలుగింట్లోనూ అండీ. మీరిస్తే ఇప్పుడే ఎక్కిస్తాను."

మావయ్య చెవి మీది పెన్సిలు తీసి నా చేతిలో పెట్టాడు. నేను మేడమ్ ఒళ్ళోంచి ప్రతి తీసుకుని, నాలుగు వరసల్లోనూ ఆరో లెక్క మీద వణుకు గుర్తు పెట్టాను. మొట్టమొదట రెండో వయొలిన్‌లో కాదు, మొదటి వయొలిన్‌లో పెట్టాను.

"అది తియ్యకండి" అంది మేడమ్ లేస్తూ. "హాల్లో కూడా అలాగే ఉండాలి. ఆ కుర్చీకి మాత్రం నూనె మాన్పించండి. డాక్టరు గారి కిర్రు అంత బాగాలేదు."

ఆవిడ వెళ్ళిపోయింది. డాక్టరు గారు వయొలిన్ తుడిచిందే తుడుస్తున్నారు.

"నా చెయ్యి జారిందంతే" అన్నారు ఎవరూ అడక్కుండానే.

"జారుతుందా మీ చెయ్యి?" దర్జీ అక్క సూదులు నోట్లోంచి తీసేసింది. "అయితే సోమవారం నా పన్ను పీకడానికి వేరే డాక్టర్ని చూసుకుంటాను."

తాతగారిని వీధి చివరిదాకా సాగనంపమని మావయ్య నన్ను పంపాడు. ఆయన పెట్టె నేను పట్టుకున్నాను. దీపాల స్తంభం దగ్గర ఆయన ఆగారు.

"అమ్మాయ్, నలభై ఏళ్ళు గడియారాలు విప్పాను. నాకన్నా ముందు ఎవడు విప్పాడో, ఏ స్క్రూ ఎవడు తిప్పాడో చూసి చెప్పేవాణ్ణి. మీ మావయ్య చేసింది నాకు తెలియదనుకున్నావా?"

"ఎప్పటి నుంచి తెలుసు తాతగారూ?"

"మొదటి గురువారం నుంచే. కిందటి వారం దాకా ఆయన సొరుగులో రబ్బరు తీగల చుట్టల వెనక ఎడమవైపు ఉండేది. ఇవాళ తీగ కోసం సొరుగు తీస్తే కుడివైపుంది. నువ్వూ చూశావన్నమాట." నవ్వారు. "ఆయనకి చెప్పకు. నాకు తెలుసని తెలిస్తే మళ్ళీ రబ్బరు తీస్తాడు. దర్జీ అమ్మాయి వేళ్ళు వాస్తాయి."

హాల్లో కచేరీ అయింది. జనంలో సగం మంది లేచి నిలబడ్డారు, మిగతా సగం లేచి వెళ్ళిపోయారు. రెండు సగాలూ మావయ్యకి బాగానే ఉన్నాయి. వెళ్ళిపోయినవాళ్ళ చెప్పుల చప్పుడు పదమూడో పేజీలో చేర్చాడు. డాక్టరు గారు గురువారం పేషెంట్లని బుధవారానికి మార్చుకున్నారు.

ఆ తర్వాతి గురువారం తాతగారి చెయ్యి చక్కగా ఉంది. కొత్త మందేదో పనిచేసిందట. నాలుగో పేజీలో పొడుగు స్వరం వచ్చింది. తిన్నటి గీతలా, కదలకుండా సాగింది. మావయ్య అలవాటుగా పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు. ఎదురుచూశాడు. డాక్టరు గారూ అక్కా రెండో లెక్కకి కమానులు సిద్ధంగా పట్టుకున్నారు. వణుకు రాలేదు. మావయ్య పెన్సిలు అలాగే గాల్లో ఉంది, బస్సు తప్పిపోయిన మనిషి చేతిలో గొడుగులా.

తాతగారు ఓరగా ఆ పెన్సిలు వైపు చూశారు. నా వైపు చూసి ఒక కన్ను మూశారు. ఆ తర్వాత చేతిని తనే కావాలని దడదడలాడించారు.

"ఆగండి! ఎవరూ కదలొద్దు!" మావయ్య ముఖం వెలిగిపోయింది. "బాబాయి గారూ, ఇది ఇదివరకటి దానికన్నా బాగుంది! అమ్మాయ్, రాసుకో!"

నేను రాసుకున్నాను.